అబ్రాహాము కుర్చీ

గంగన్నకు పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఊళ్లో భార్య గంగామణి ఉంది, ఇంటర్ తప్పి ట్రాక్టర్ నడుపుకుంటున్న కొడుకు సురేందర్ ఉన్నాడు, అత్తవారింటికి వెళ్లిన కూతురు స్వర్ణ ఉంది. ఇంత సంసారం ఉన్న మనిషిని ఖతార్ దేశం పదిహేడేళ్లుగా బ్యాచిలర్ అనే పిలుస్తోంది. పెళ్లాంబిడ్డలను పక్కన పెట్టుకుని బతికే స్తోమత లేని కూలివాడికి అక్కడ ఆ పేరే ఖాయం. శుక్రవారం సెలవు కదా అని ఏ పెద్ద షాపుకో వెళ్తే గుమ్మం దగ్గరి గార్డు చెయ్యి అడ్డం పెట్టి, "ఫ్యామిలీ ఓన్లీ. బ్యాచిలర్ మాఫీ" అనేవాడు. లేదు పొమ్మనడానికి అక్కడ మాఫీ అన్న ఒక్క మాట చాలు. మొదటిసారి అది విని గంగన్న నవ్వుకున్నాడు. ఆ తర్వాత ఆ షాపుల వైపు వెళ్లడమే మానేశాడు.

జగిత్యాల దగ్గరి పల్లెలో అతనిది ఈత చెట్లు గీసే వృత్తి. నడుముకు మోకు బిగించి, వెనక కత్తి దోపుకుని, పొద్దు పొడవకముందే చెట్టు మీద ఉండేవాడు. ఊరి బయటి ఈతవనాన్ని ఇటుక బట్టీవాళ్లు కొని చదును చేయించిన ఏడాది చెట్లతో పాటు అతని పనీ పోయింది. గల్ఫ్ ఏజెంటు చెప్పిన వంద మాటల్లో గంగన్నకు నచ్చింది ఒక్కటే, అక్కడ కూడా చెట్లే ఎక్కాలట. చిత్రంగా ఆ ఒక్కటీ నిజమైంది. తోటల పని చూసే కంపెనీ అతన్ని ఖర్జూరపు చెట్లెక్కించింది. మొదటి రోజు కంపెనీ ఇచ్చిన బెల్టు పక్కన పడేసి ఉత్త తాడుతో పైకి పాకిపోతుంటే కింద ఫోర్‌మన్ నోరు తెరుచుకుని చూశాడు. ఖర్జూరం ఈతకు పెద్దన్న వరస. అవే మట్టలు, మట్ట మొదట్లో అవే ముళ్లు, గీరుకుంటే అదే మంట. ఎవరూ తెలియని ఆ దేశంలో గంగన్నకు తెలిసిన మొహం అదొక్కటే కనిపించింది.

చలికాలం పోతూనే మగచెట్టు పుప్పొడి తెచ్చి ఆడచెట్టు గెలలకు అద్దాలి. కాయ ముదిరే వేళకు గెలలకు వలసంచులు కట్టాలి. జూలై, ఆగస్టుల్లో, చొక్కా పిండితే నీళ్లు కారే ఉక్కలో, గెలలు కోసి తాడు మీద దింపాలి. ఆ తర్వాత ఎండుమట్టలు నరకాలి. అలా పదిహేడు పంటలు దింపాడు. ఒక్క పంటకూ అతనికి పండుగ లేదు. తోట యజమానులు పళ్లు పంచుకునేటప్పటికి గంగన్న వేరే తోటలో వేరే చెట్టు మీద ఉండేవాడు.

ఈ పదిహేడేళ్లలో అతను ఏ ఇంట్లోనూ కూర్చుని అన్నం తినలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలోని క్యాంపులో రెండంతస్తుల ఇనుప మంచం మీద తిన్నాడు, కంపెనీ బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని తిన్నాడు, గోడ వారన నీడ చూసుకుని తిన్నాడు. విల్లాల పెరళ్లలో చెట్లు కత్తిరిస్తున్నప్పుడు తలుపు సందులోంచి ఒక చెయ్యి నీళ్ల సీసా బయట పెట్టేది, మళ్లీ తలుపు పడేది. ఆ చేతుల్లో కొన్ని మంచి చేతులే. అయినా ఆ తలుపుల వెనక ఏముంటుందో అతనికి తెలియదు.

ఇదంతా పట్టించుకోకుండా ఉండేవాడేమో, గంగామణి లేకపోతే. ప్రతి పండుగకూ ఆమె ఫోన్లో ఒకటే అడిగేది. "దుబాయ్‌ల ఎవలన్న ఇంటికి పిలిసి అన్నం వెట్టిండ్రా?" ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. పొరుగూరికి పెళ్లికి వెళ్లొచ్చినా సరే, ఎవరింట్లో తిన్నావు, ఎక్కడ కూర్చోబెట్టారు అని అడగడం వాళ్ల ఇళ్లలో అలవాటు. మనిషి విలువ తెలిసేది అక్కడే అని ఆమె లెక్క. "క్యాంపుల మస్తు వెట్టిండ్రు" అనేవాడు గంగన్న. ఆమె సరే అని ఊరుకునేది. ఆ ఊరుకోవడం అతన్ని రెండు రోజులు వేధించేది.

ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. కంపెనీ వీసా రద్దు చేసింది, ఆదివారం విమానం. పెట్టె కట్టుకున్నాడు. దుప్పట్లున్నాయి, సెంటు సీసాలున్నాయి, టార్చిలైట్లున్నాయి. లేనిదల్లా గంగామణి అడిగే ఆ ప్రశ్నకు జవాబు. ఒక్కటంటే ఒక్క ఇంట్లో, నలుగురి మధ్య కుర్చీలో కూర్చుని, ఇంకొంచెం వేసుకో అని ఎవరైనా అంటుంటే అన్నం తిని వెళ్లాలి. గంగన్న కోరిక అంతే. పెద్దదేం కాదు.

సరిగ్గా ఆ వారమే కృపారావు వచ్చాడు.

కృపారావుది బందరు దగ్గర ఊరు. గ్యాస్ ప్లాంట్లున్న రాస్ లఫాన్‌లో పైపులతో పరంజాలు కట్టించే సూపర్‌వైజరు, క్యాంపులో గంగన్న పక్క గది. ఆరేళ్లుగా ఇద్దరూ ఒకరి కూర ఒకరు తింటున్నారు. మదీనత్ ఖలీఫా పేటలో ఎడ్విన్ అనే పెద్ద ఆఫీసరు విల్లాలో జరిగే ప్రార్థన కూటానికి వెళ్లేవాడు కృపారావు. అక్కడికి వచ్చే పన్నెండు కుటుంబాల మధ్య క్యాంపు మనిషి అతనొక్కడే.

"గంగన్నా, నీతో పనుంది," అన్నాడు కృపారావు మంచం అంచున కూర్చుంటూ. "మా కూటంలో పర్ణశాలల పండుగ చేస్తాం ప్రతి ఏడూ. బైబిల్లో ఉంది, యూదులు చేసుకునే పండుగ అది. పంటంతా ఇంటికి చేరాక కొమ్మలతో పాక వేసుకుని ఏడు రోజులు అందులో కూర్చుని తింటారు. ఇన్నేళ్లూ నేను పైపులు నిలబెట్టి పైన గ్రీన్ నెట్ కట్టేవాణ్ణి. ఈసారి ఎడ్విన్ గారు యూదుల పద్ధతులన్నీ చదివారు. గుడ్డ పనికిరాదంట. పైకప్పు భూమిలో మొలిచి, కోసిన దానితోనే వెయ్యాలంట."

"మట్టలా?"

"మట్టలే. నీకంటే బాగా వేసేవాడు నాకెవడూ తెలీదు."

"ఎందుకన్నా గుడిసె? గంత పెద్ద ఇల్లుండంగ?"

"వాళ్ల పూర్వీకులు నలభై ఏళ్లు ఎడారిలో గుడారాల్లో బతికారు. అది మర్చిపోకూడదని."

గంగన్న తన మంచం వైపు, పై మంచం మీద ఆరేసిన తువ్వాలు వైపు చూశాడు. "గట్లయితే మనకు రోజు పండుగే గదన్నా."

కృపారావు నవ్వాడు. నవ్వి, గంగన్న తనతో ఎప్పుడో చెప్పుకున్న కోరిక గుర్తొచ్చి, "ఆ రోజు అక్కడే భోజనం. నేను ఎడ్విన్ గారికి చెప్పాను. నీకూ కుర్చీ ఉంటుంది," అన్నాడు.

ఎడ్విన్ నిజానికి అన్న మాట "తప్పకుండా బ్రదర్, భోజనం పెట్టి పంపుదాం" అని. భోజనం పెట్టడానికీ బల్ల దగ్గర కూర్చోబెట్టడానికీ ఉన్న తేడా కృపారావుకు తెలియక కాదు. తెలుసుకోవాలని అతనికి అనిపించలేదు. గంగన్న మాత్రం ఆ రాత్రే గంగామణికి ఫోన్ చేసి చెప్పేశాడు, శుక్రవారం ఒక ఇంట్లో భోజనానికి పిలిచారని. ఎవరిల్లని ఆమె ఒకటికి రెండుసార్లు అడిగింది. తర్వాత, "కొత్త అంగి ఏసుకపో" అంది.

శుక్రవారం పొద్దున్నే కంపెనీ పికప్‌లో ఇద్దరూ విల్లాకు చేరారు. తోటల్లో నరికిన పచ్చిమట్టలు నూటయాభై దాకా గంగన్న ముందు రోజే సంపాదించి పెట్టాడు. కొత్త చొక్కా ఒక సంచిలో ఉంది. ఇంకో సంచిలో తను దింపిన పంటలోవే, తోట మేస్త్రీని అడిగి తెచ్చుకున్న ఖర్జూరాల పెట్టె ఉంది. ఒకరింటికి భోజనానికి వెళ్తూ వట్టి చేతులతో వెళ్లడం అతనికి చేతకాదు.

ఎడ్విన్ చేతిలో ఫోన్ పట్టుకుని నియమాలు చదువుతూ వెనకే తిరిగాడు. మంచివాడే, గొంతు పెంచడు. గోడలు దేనితోనైనా కట్టుకోవచ్చట, పైకప్పే ముఖ్యం. కప్పు కింద ఎండకంటే నీడ ఎక్కువ ఉండాలి. కానీ చీకటి పడ్డాక పైకి చూస్తే చుక్కలు కనపడాలి. వాన కురిస్తే లోపలికి రావాలి. గట్టిగా, శాశ్వతంగా ఉండకూడదు.

"ఇదంతా కుదురుతుందా బాబూ?" అన్నాడు. కూటంలో అందరూ అందరికీ బ్రదర్. గంగన్న మాత్రం బాబు.

"కుదురుతది సార్. పెండ్లి పందిర్లు గిట్లనే ఏస్తం."

పందిరి వేయడం చూడవలసిందే. కృపారావు పైపులు నిలబెట్టి వాసాలు అడ్డం వేస్తే, గంగన్న మట్టల ముళ్లు చెక్కేసి, ఒకటి మొదలు ఇటు, ఒకటి మొదలు అటు పెడుతూ అల్లుకుంటూ పోయాడు. ఒక్క మేకు కొట్టలేదు, ఒక్క ప్లాస్టిక్ తాడు కట్టలేదు. మట్ట చీల్చి దాని నారతోనే ముడులు వేశాడు. పదకొండు గంటలకు ఎండ నెత్తి మీద మండుతుంటే పందిరి కింద నేల మీద సన్నని వెలుగు చుక్కలు తప్ప అంతా నీడే. గంగన్న కిందికి దిగి తలెత్తి తన పని తానే చూసుకున్నాడు. ఊరు వదిలాక అతను పందిరి వేయడం అదే మొదటిసారి, చాలా సంతోషం కలిగింది.

పండుగకు ఇంకో నాలుగు వస్తువులు కావాలట. దబ్బపండు, ఈతమట్ట, గొంజికొమ్మ, నిరవంజికొమ్మ. వాటిని కలిపి చేత పట్టుకుని నాలుగు దిక్కులా ఊపి దేవుణ్ణి స్తుతిస్తారు. గొంజి అంటే ఏమిటో, నిరవంజి అంటే ఏమిటో ఎవరికీ తెలియక ఎడ్విన్ నర్సరీవాడు ఇచ్చిన రెండు కొమ్మలతో సరిపెట్టుకున్నాడు. దబ్బపండు మాత్రం అసలుదే. కొడుకింటికి మూడు నెలలుండి పోదామని రాజోలు నుంచి వచ్చిన ఎడ్విన్ తల్లి సుసన్నమ్మ దాన్ని తమ పెరట్లో కోయించి, మెత్తటి చీర ముక్కలో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

"దీని ముక్కు విరిగితే పండుగకి పనికిరాదంట నాయనా," అని గంగన్నకు విప్పి చూపించింది. పసుపు తిరుగుతున్న ఆ కాయ కొసన చిన్న బొడిపె ఉంది. "ఏర్‌పోర్టు చెకింగ్‌లో ఒక పిల్ల గబుక్కున లాగబోయింది. నా ప్రాణం పోయిందనుకో. ముట్టుకోనిస్తేనా."

"మా తాన గిదాన్ని తొక్కు వెడ్తరమ్మా," అన్నాడు గంగన్న.

"మేమూ అంతే. బెల్లం వేస్తాం." ఆమె నవ్వింది. తనకు తెలియని ఇంట్లో ఆడమనిషి ఒకామె కూరల సంగతి మాట్లాడుతుంటే గంగన్న చేతిలో కత్తి కింద పెట్టి విన్నాడు. 

ఈతమట్ట మామూలుది కాదు, ఇంకా విచ్చుకోని మొవ్వాకు కావాలన్నాడు ఎడ్విన్. చెట్టు నడినెత్తిన కత్తిలా నిక్కి ఉంటుంది అది. అడ్డదిడ్డంగా కోస్తే చెట్టు రెండేళ్లు కోలుకోదు. గంగన్న మోకాళ్లు వద్దంటున్నా పెరటి ఖర్జూరం ఎక్కాడు. ఖతార్‌లో అతనెక్కిన చివరి చెట్టు అదే. లోపలి మొవ్వును వదిలేసి, విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న పక్కదాన్ని చూసి, ఒక్క వేటుతో తీసి, కొస చీలకుండా నోట కరుచుకుని దిగాడు. ఎడ్విన్ దాన్ని ఫోన్లోని బొమ్మతో పోల్చి చూసి, "పర్ఫెక్ట్" అన్నాడు.

సాయంత్రం అయిదు దాటగానే పొద్దు గుంకింది. కార్లు వచ్చాయి, పట్టుచీరలు, సెంట్లు, పిల్లల కేకలు. పందిరి కింద పొడుగాటి బల్ల వేశారు. బిర్యానీ, రొయ్యల ఇగురు, పులిహోర, పూతరేకులు. గంగన్న వెనక కొళాయి దగ్గర ఒళ్లు కడుక్కుని, కొత్త చొక్కా మడతలతోనే తొడుక్కుని, తల దువ్వుకుని, ఖర్జూరాల పెట్టె చేత పట్టుకుని పందిరి దగ్గరికి వచ్చాడు. పెట్టె సుసన్నమ్మకిస్తే ఆమె బల్ల మీద పెట్టింది.

అందరూ కూర్చుని ఉన్నారు. బల్ల చివర కృపారావూ కూర్చుని ఉన్నాడు. ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే. మిగతావన్నీ మామూలు ప్లాస్టిక్ కుర్చీలు, ఇదొక్కటి ఇంట్లోంచి తెచ్చిన ఎత్తు వీపు చెక్క కుర్చీ. దాని మీద తెల్లగుడ్డ పరిచి, పక్కన గులాబీలు కట్టారు. నీకూ కుర్చీ ఉంటుంది అన్న కృపారావు మాట గంగన్నకు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచి పందిరి వేసినవాడికి ఇంత మర్యాదా అని సిగ్గుపడ్డాడు. చొక్కా సర్దుకుని, అంచున ఒద్దికగా కూర్చున్నాడు.

పది నిమిషాలు కూడా కాలేదు అతను ఆ కుర్చీలో ఉన్నది. ఆ కాసేపట్లోనే పక్కనున్నామె ఒళ్లో పసిబిడ్డ అతని వేలు పట్టుకుంది. ఎవరో అలవాటు చొప్పున అతని ముందున్న గ్లాసులో కూడా నీళ్లు పోశారు. తలెత్తి చూస్తే తన మట్టల సందుల్లోంచి ఒక చుక్క, దాని పక్కన ఇంకోటి. గంగామణికి ఇది ఎలా చెప్పాలా అని అతను మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాడు.

బల్ల దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎడ్విన్ ప్రార్థన పుస్తకం చేత పట్టుకుని నిలబడి, నవ్వు చెదరనీయకుండా కృపారావు వైపు చూశాడు. "బ్రదర్, కొంచెం..." అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

కృపారావుకు అర్థమైంది. పన్నెండు కుటుంబాల మధ్య తన ప్లాస్టిక్ కుర్చీని సంపాదించుకోవడానికి అతనికి ఆరేళ్లు పట్టింది, ప్రతి ఏడూ పైపులు మోశాడు. ఉండనివ్వండి సార్ అన్న మాట నోటి దాకా వచ్చిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ క్షణాన మాత్రం లేచి వచ్చి గంగన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"గంగన్నా, ఒకసారి లే."

"ఏందన్నా?"

"ఆ కుర్చీ వేరేవాళ్లది."

"ఎవలన్న అస్తున్నరా? అచ్చినంక లేస్త తియ్."

ఎవరో ఆడమనిషి నవ్వాపుకుంది. ఎడ్విన్ ఓపికగా చెప్పాడు. "అది అబ్రాహాము గారి కుర్చీ బాబూ. మా పితరుడు. ఈ పండుగకి ఆయన్ని అతిథిగా పిలుచుకుంటాం. అందుకే ఖాళీగా ఉంచాలి."

"ఎప్పుడస్తరు సార్?"

"రారు. వేల ఏళ్ల కిందటి మనిషి ఆయన."

గంగన్న లేచాడు. పసిబిడ్డ పిడికిట్లోంచి వేలు మెల్లగా తీసుకోవలసి వచ్చింది. అందరూ చూస్తున్నారు కనుక కొత్త చొక్కా మడతలు అతనికే ఎబ్బెట్టుగా కనిపించాయి. నిలబడి ఇటూ అటూ చూశాడు. ఇంకో కుర్చీ వేయమని ఎవరూ అనలేదు. విల్లాలో కుర్చీలకు కరువేం లేదు. చివరికి సుసన్నమ్మ లేచి వచ్చింది. "వంటింటి మెట్ల దగ్గర గాలి బాగా తగులుతుంది నాయనా. అక్కడైతే హాయిగా తినొచ్చు. నేనే వడ్డించి తెస్తా."

గాలి తగిలిన మాట నిజమే. ఆ మెట్ల పక్కనే ఏసీ పెట్టె ఉంది. ఇంట్లో చల్లదనం కోసం అది బయటికి వదిలే వేడంతా గంగన్న మొహానికి కొట్టింది. సుసన్నమ్మ పళ్లెం నిండా తెచ్చింది, రొయ్యలు కూడా ఎక్కువే వేసింది. కానీ తినే దాకా నిలబడలేదు, బల్ల దగ్గర ప్రార్థన మొదలవుతోంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని గంగన్న పదిహేడేళ్లుగా తింటున్నట్టే తిన్నాడు.

ఎడ్విన్ గొంతు మైకు లేకుండానే మెట్ల దాకా వినిపించింది. ఈ పండుగలో నీవొక్కడివే సంతోషించడం కాదు, నీ పనివాడూ, నీ ఊళ్లో ఉండే పరదేశీ, తండ్రి లేనివాడూ, విధవరాలూ నీతో కలిసి సంతోషించాలని దేవుడు ఆజ్ఞాపించాడని వివరించాడు. అబ్రాహాము ఎండవేళ గుడారపు వాకిట్లో కూర్చుని, దారిన పోయే ముక్కూమొహం తెలియనివాళ్లకు ఎదురు పరుగెత్తి, కాళ్లు కడిగించి, చెట్టు నీడన కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చెప్పాడు. చెబుతూ చెబుతూ అతను రుమాలు తీశాడు. ఆమెన్ అన్నారందరూ. నలుగురైదుగురు కళ్లు తుడుచుకున్నారు. కృపారావు తల వంచుకుని కూర్చున్నాడు.

గేటు చప్పుడైంది. తెల్లటి పొడవాటి అంగీలో ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. విల్లా యజమాని ఫహద్. మసీదు నుంచి ఇంటికి వెళ్తూ గోడ మీదుగా మట్టలు కనిపిస్తే ఏమిటోనని చూడ్డానికి వచ్చాడట. ఎడ్విన్ చప్పున పుస్తకం మూశాడు. యూదుల పండుగ మాట ఎత్తడానికి అది చోటు కాదు, ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి. "స్నేహితులం భోజనానికి కలిశాం సార్, రండి, రండి," అని ఎదురు వెళ్లాడు. వెళ్తూనే ఒక చేత్తో ఆ ఎత్తు వీపు కుర్చీ వెనక్కి లాగాడు, ఇంకో చేత్తో గులాబీలు పక్కకు తప్పించాడు.

ఫహద్ అబ్రాహాము కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అది ఎవరి కుర్చీయో ఆయనకు చెప్పలేదు.

పాపం ఆయన తప్పేమీ లేదు, మర్యాదస్తుడు. బల్ల మీది పెట్టెలోంచి ఒక ఖర్జూరం తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత పైకి చూశాడు, చాలాసేపు చూశాడు. "అరీష్," అన్నాడు. మట్టల పాకను తోటల్లో అరబ్బులు ఆ మాటే అంటారు, గంగన్నకు తెలుసు. మా తాత ఇలాంటి దాంట్లోనే పుట్టాడు, ఇప్పుడు మావాళ్లకెవరికీ వేయడం రాదు, ఇది చెట్టు తెలిసినవాడి చెయ్యి, ఎవరు వేశారు, అని ఇంగ్లీషూ అరబ్బీ కలిపి అడిగాడు.

గంగన్న మెట్ల మీద నుంచి సగం లేచాడు. ఎంగిలి చెయ్యి చొక్కాకు తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు.

"మేమే సార్," అన్నాడు ఎడ్విన్. "అందరం కలిసి వేసుకున్నాం."

గంగన్న మళ్లీ కూర్చున్నాడు. అతనికి కోపం వచ్చింది. పదిహేడేళ్లలో అంత కోపం రాలేదు, వచ్చినా ఏం చేసుకోవాలో తెలియలేదు. కుర్చీ పోయింది, పోనీ. దేవుళ్ల సంగతి తనకు తెలియదు, నిజంగానే తప్పు చేశాడేమో. పందిరి మాత్రం తనది. ఆ ముడి ఒక్కటీ ఈ బల్ల దగ్గర కూర్చున్న ఏ చేతికీ రాదు. ఆ ఒక్కటి కూడా వదల్లేకపోయారా అనుకున్నాడు. మిగిలిన అన్నం అతనికి సహించలేదు.

ఫహద్ వెళ్లిపోయాక ఎడ్విన్ మెట్ల దగ్గరికి వచ్చాడు. మొహంలో గండం గడిచిన తేలిక కనిపిస్తోంది. "చాలా బాగా వేశావు బాబూ. ఏడు రోజులూ ఉంచుతాం. వచ్చే శనివారం వచ్చి విప్పేస్తే సరిపోతుంది."

"ఎల్లుండి పోతున్న సార్. ఇండియాకు. మల్ల రాను."

"అయ్యో," అన్నాడు ఎడ్విన్ నిజంగానే బాధపడి. "మరి దీన్ని ఎవరు విప్పుతారు?"

సుసన్నమ్మ ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది, పూతరేకులు, పిల్లలకట. ఆమె కళ్లు అతని కళ్లను తప్పించుకున్నాయి. దబ్బపండు మళ్లీ చీర ముక్కలోకి చేరింది, ముక్కు విరగలేదు. దానికి పట్టిన జాగ్రత్త చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

కృపారావు పికప్‌ను విల్లాల వీధి దాటించి పెద్ద రోడ్డెక్కించాడు. కృపారావే ముందు నోరు విప్పాడు. "ఏమనుకోకు గంగన్నా. వాళ్ల పద్ధతి అంత. అది మనుషులు కూర్చునే కుర్చీ కాదు."

"మరి ఆ ముసలాయిన కూసున్నడు గదన్నా."

"ఆయన ఇంటి ఓనరు."

ఇండస్ట్రియల్ ఏరియా వైపు తిరిగే సిగ్నల్ దగ్గర బండి ఆగేసరికి గంగన్న ఫోన్ మోగింది. జగిత్యాలలో పది దాటి ఉంటుంది, గంగామణి పడుకోకుండా కూర్చుంది. ఫోన్ పాతది, చెవి దగ్గర పెట్టుకున్నా మాట బయటికి వినిపిస్తుంది.

"తిన్నవా?"

"తిన్న."

"ఇంట్లనేనా?"

"ఇంట్లనే. పెద్ద బంగ్ల. మస్తు మంది అచ్చిండ్రు."

"ఏం వెట్టిండ్రు?"

"బిర్యాని, రొయ్యలు. గా ముసలమ్మ తానే వడ్డిచ్చింది."

"ఏడ కూసోవెట్టిండ్రు నిన్ను?"

కృపారావు స్టీరింగు ముందు కూర్చుని వెనక అద్దం సర్దాడు. గంగన్న ఎదురుగా ఎర్రదీపం వైపు చూశాడు.

"బల్ల కాడనే," అన్నాడు. "అందరియి ప్లాస్టిక్ కుర్చీలు. నాదొక్కటే చెక్కది, ఎత్తు ఈపుది. తెల్లగుడ్డ పర్సిండ్రు, పక్కకు పూలు గట్టిండ్రు. గా కుర్చీల ఎవ్వల్ని కూసోనియ్యరట. వాళ్ల దేవునికట అది."

"మరి నువ్వు కూసున్నవా?"

"కూసున్న."

ఈసారి ఆమె సరే అని ఊరుకోలేదు, గంగామణి ముక్కు ఎగబీల్చడం వినిపించింది. "పదిహేడేండ్లకన్న ఒక్క ఇల్లు నిన్ను మనిషి లెక్క చూసింది," అంది. "తోల్కపోయిన అన్న పక్కన ఉన్నడా? నేను దండం వెట్టిన అని చెప్పు."

గంగన్న ఫోన్ దించి కృపారావు వైపు తిరిగాడు. "అన్నా, గంగామణి నీకు దండం వెడ్తున్నది."

దీపం పచ్చగా మారింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు, రెండోసారి కొట్టాడు. కృపారావు తడుముకుని గేరు వేశాడు.